స్టార్ కోసం విత్తనపు వడ్లు అమ్ముకోవచ్చా?

(స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో ఉదయం చేసిన ప్రసంగం. సంచిక కోసం అక్కడక్కడా సరిచేశాను.)



కార్యదర్శిగారు నెల కిందట ఫోన్ చేసి "ఆటల జ్ఞాపకాల మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి సార్" అన్నారు. సరేనన్నాను. ఇవాళ మూడున్నరకు సర్వసభ్య సమావేశంలో ఆటల నిధి మీద ఒక తీర్మానం రాబోతోందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. జ్ఞాపకాల పేరు పెట్టుకుని నేను ఆ తీర్మానం గురించే మాట్లాడబోతున్నానని మాత్రం ఆయనకు తెలియదు. ముందే చెప్తే మైకు ఇవ్వరేమోనని చెప్పలేదు. క్షమించాలి.

విదేశాల్లోంచి నిన్ననే దిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ తీర్మానం ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. మనమంతా ఏటా వేసిన చందాలతో ఆటల నిధి ఒకటి పోగయింది. బ్యాంకులో డిపాజిట్‌గా ఉంది. ఇప్పుడు ఆ మొత్తమంతా తీసి, వేరే బళ్లలో ఇప్పటికే బాగా ఆడుతున్న ఆరుగురు హాకీ కుర్రాళ్లను మన తొమ్మిదో తరగతిలో చేర్చుకుందామని, వాళ్ల ఫీజులు, బస, కిట్లు, ఒక పేరున్న కోచ్ జీతం అన్నీ మనమే భరిద్దామని, జూబ్లీ ఏడాదిలోనే అంతర్ పాఠశాలల షీల్డు కొట్టి ఈ వేదిక మీద పెడదామని ప్రతిపాదన. పెట్టినవాళ్లు నా మిత్రులే. వాళ్ల మనసు మంచిదే. అందుకే ఇది కష్టమైన విషయం. చెడ్డవాళ్లు పెట్టిన తీర్మానమైతే ఇంత ఆలోచించే పనే లేదు.

దీనికి ముందు మా మనవడి సంగతి.

వాడు కెనడాలో టొరంటో దగ్గర ఉంటాడు. పదమూడేళ్లు. తెలుగు చక్కగా మాట్లాడతాడు, కోపమొస్తే మాత్రం ఇంగ్లీషులోకి దూకుతాడు. వాడి కోపమంతా ఒక హాకీ జట్టు మీద. మన హాకీ కాదు, మంచు మీద ఆడే హాకీ. టొరంటో మేపుల్ లీఫ్స్ అని వాళ్ల ఊరి జట్టు. 1967లో స్టాన్లీ కప్ గెలిచింది, అంతే, మళ్లీ గెలవలేదు. 1967 అంటే వాళ్లమ్మ కూడా పుట్టలేదు. నేనే అప్పుడు నిక్కర్లు వేసుకుని రెండో తరగతో మూడో తరగతో చదువుతున్నాను. నిరుడు ఒక ఆదివారం వీడియో కాల్‌లో అడిగాడు: "తాతా, రాబోయే నాలుగేళ్ల పిక్స్ అన్నీ ఇచ్చేసి ఒక పెద్ద స్టార్‌ని తెచ్చుకుంటే ఏం పోతుంది? ఇంకెన్నేళ్లు ఆగాలి?"

పిక్ అంటే ఏమిటో నాకు ఆ రోజు దాకా తెలియదు. వాడే చెప్పాడు. అక్కడ ప్రతి ఏడూ పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అడుగున మిగిలిన జట్లకు ముందు వంతు. మధ్యలో లాటరీ తతంగం ఒకటుంది, అది వదిలేద్దాం. ఆ వంతునే పిక్ అంటారు. విశేషం ఏమిటంటే ఆ వంతును ముందే ఇచ్చేసుకోవచ్చు. "రెండేళ్ల తర్వాత నాకొచ్చే మొదటి వంతు నువ్వు తీసుకో, ఇవాళ నీ పెద్ద ఆటగాణ్ణి నాకివ్వు" అనొచ్చు. అప్పుడు మనం ఇస్తున్నది ఎవరిని? ఇప్పుడు పదహారేళ్లున్న, ఎక్కడో మంచు మీద పడుతూ లేస్తూ ఉన్న ఒక పిల్లవాణ్ణి. వాడి పేరు మనకు తెలియదు, ఫొటో లేదు. స్టార్‌కి రెండూ ఉన్నాయి. అందుకే ఈ బేరం ఎప్పుడూ చవగ్గానే అనిపిస్తుంది.

మనవడికి జవాబు చెప్పాలని రిటైరైన మనిషిలాగే బాగా చదివాను. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు వేన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజిలిస్ కింగ్స్‌కు ఇచ్చేసింది. మనకు ధ్యాన్‌చంద్ ఎంతో వాళ్లకు ఆయన అంత. ఇంకో ఇద్దరిని కూడా కలిపి ఇచ్చారు. బదులుగా కింగ్స్ ఇద్దరు కుర్ర ఆటగాళ్లను, కోటిన్నర డాలర్లను, 1989, 1991, 1993 సంవత్సరాల మొదటి రౌండు వంతులను ఇచ్చింది. ప్రభుత్వమే అడ్డుపడాలని అక్కడి పార్లమెంటు సభ్యుడొకాయన పట్టుబట్టాడట. తీరా రెండేళ్లు తిరక్కుండానే 1990లో కప్పు గెలిచిందెవరు? గ్రెట్జ్‌కీ లేని ఎడ్మంటన్. గ్రెట్జ్‌కీ ఉన్న కింగ్స్ 1993లో ఫైనల్ దాకా వెళ్లి మాంట్రియల్ చేతిలో ఓడింది.

ఇక్కడ ఆపేస్తే కథ నాకు బాగా అనుకూలంగా ఉంటుంది. కానీ ఆపడం న్యాయం కాదు. ఎడ్మంటన్‌ను 1990లో గెలిపించింది ఆ వంతుల్లో వచ్చిన పిల్లలు కాదు, ఎక్కువగా అప్పటికే ఆ ఇంట్లో పెరిగి ఉన్నవాళ్లు. ఆ మూడు వంతులు పెద్దగా పండనేలేదు. పిందెలన్నీ కాయలు కావు కదా. అటు కింగ్స్‌కు కప్పు రాలేదు గానీ, ఎండల కాలిఫోర్నియాలో మంచు హాకీకి జనం కట్టారు, పిల్లలు స్కేట్లు కట్టుకున్నారు, ఐదేళ్లు తిరిగేసరికి అదే రాష్ట్రంలో ఇంకో రెండు జట్లు వెలిశాయి. స్టార్ అంటే గోల్సే కాదు. స్టార్‌ను చూసి ఆట మొదలుపెట్టిన పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు.

ఇంకో కథ ఉంది. 1991లో క్విబెక్ జట్టు మొదటి వంతులో ఎరిక్ లిండ్రోస్ అనే కుర్రాణ్ణి ఎంచుకుంది. నేను మీకు ఆడనన్నాడు. మరుసటేడు అతణ్ణి ఫిలడెల్ఫియాకు ఇచ్చి, బదులుగా పీటర్ ఫోర్స్‌బర్గ్‌తో సహా ఆరుగురు ఆటగాళ్లను, రెండు మొదటి రౌండు వంతులను, పైన కోటిన్నర డాలర్లను తీసుకున్నారు. లిండ్రోస్ జట్టు 1997లో ఫైనల్‌కు వెళ్లి ఒక్క ఆట కూడా గెలవకుండా తిరిగొచ్చింది. క్విబెక్ దాచుకున్న పిల్లలు మాత్రం 1996లోనే కప్పు తెచ్చారు. ఎవరికి? 1995లో జట్టును డబ్బుల్లేక కొలరాడోకు అమ్మేశారు. పంట పండింది, అప్పటికి పొలం చేతులు మారింది. ఓపిక పట్టినవాడికి ఫలితం దక్కుతుందని మనం పిల్లలకు చెప్తుంటాం. పండుతుంది సరే, ఎవరి గాదెలో పడుతుందో చెప్పలేం.

మన దగ్గర వంతుల పద్ధతి లేదు, వేలం ఉంది. వేలంలో భవిష్యత్తును ఎవరూ బల్ల మీద పెట్టరు. అది సంచిలో మిగలని డబ్బు రూపంలో చడీచప్పుడు లేకుండా పోతుంది.

కబడ్డీ సంగతి చూడండి. 2022లో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొనింది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజనంతా దూరమయ్యాడు. ఇంకేముంది, మునిగిందనుకున్నారు. నరేందర్ అనే ఒక కొత్త కుర్రాడు, ఇంకా అలాంటి పిల్లలు కొందరు కలిసి ఆ జట్టును సెమీఫైనల్‌కు తీసుకెళ్లారు. పెద్ద వేలంలో పాడుకున్నవాడు కాదు నరేందర్, కొత్త యువ ఆటగాళ్ల కోటాలో వచ్చినవాడు. మరుసటేడు అక్టోబరు వేలంలో అదే పవన్‌ను మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకుంది. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు. జట్టు మొత్తానికి పరిమితి 5 కోట్లు. అంటే ఒక్కరికే సగానికి పైగా. ఆ సీజన్‌లో మనవాళ్లు గచ్చిబౌలిలో ఆడినప్పుడు ఒక సాయంత్రం వెళ్లి చూశాను. పవన్ వెళ్లడం, పాయింటు తేవడం, తిరిగొచ్చి చూస్తే వెనక గోడ కూలి ఉండడం. మొత్తం 22 ఆటల్లో 2 గెలిచి, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. పవన్‌ది తప్పంటే పాపం తగులుతుంది. ఒక్కడు ఏడుగురి పని చేయలేడు.

అలాగని స్టార్ వద్దంటానా? 2023 డిసెంబరులో సన్‌రైజర్స్ 20 కోట్ల 50 లక్షలు పెట్టి పాట్ కమిన్స్‌ను తెస్తే మా ఇంట్లో నేనే పెద్దగా తిట్టాను. ఐదు నెలలకల్లా జట్టును ఫైనల్‌లో నిలబెట్టాడు. చెన్నైలో 113కే కుప్పకూలి ఓడామనుకోండి, అది వేరే బాధ. కానీ అదే జట్టులో విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఉన్నాడు. ధర 20 లక్షలు. ఆ ఏడు లీగ్‌లో వర్ధమాన ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొడితే గ్యాలరీలో తండ్రి కళ్లనీళ్లు పెట్టుకోవడం మనమంతా టీవీలో చూశాం. ఇరవై కోట్లవాడూ ఇరవై లక్షలవాడూ ఒకే డ్రెస్సింగ్ రూములో కూర్చోవచ్చన్నమాట.

హాకీకే వస్తాను. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి టైటిల్ గెలిచింది మన హైదరాబాద్ సుల్తాన్స్ అని ఇక్కడ ఎంతమందికి గుర్తుంది? చేతులెత్తండి. నాలుగు. ఆ లీగ్ నాలుగేళ్లకే మూతబడింది, మీ తప్పు కాదు. 2024 అక్టోబరులో కొత్త హాకీ లీగ్ వేలం జరిగినప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ గొంజాలో పెయాట్‌ను 68 లక్షలకు కొనింది. అర్జెంటీనాకు రియోలో ఒలింపిక్ స్వర్ణం తెచ్చి, ఆ తర్వాత జర్మనీకి ఆడి ప్రపంచకప్పు గెలిచిన పెనాల్టీ కార్నర్ మొనగాడు. జట్టు మొత్తం పరిమితి 4 కోట్లు. అంటే ఆరో వంతు. పైగా ప్రతి జట్టులో నలుగురు జూనియర్లు ఉండి తీరాలని అప్పటి నిబంధన. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్‌లో బెంగాల్ చేతిలో 3-4తో ఓడాం. పెయాట్ గోల్ కొట్టాడు. ఓడినా ఆ కొనుగోలు తప్పని నేననను. ఇల్లు కట్టుకున్నాక తలుపుకు మంచి గడియ కొన్నట్టుంది. టైటాన్స్ బేరం గడియ కొనడానికి గోడలు అమ్ముకున్నట్టుంది.

ఇది ఆటల జబ్బే కాదు. మన నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ చౌరస్తాల్లో పెరిగినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఎండాకాలం వస్తే గోడలన్నీ ర్యాంకుల ఫొటోలే. వేరే చోట పదేళ్లు చదివి బంగారంలా తయారైన పిల్లవాణ్ణి ఉచిత సీటిచ్చి తెచ్చుకుంటారు. వాడికి ర్యాంకొస్తుంది. రాకుండా ఎట్లా ఉంటుంది? ఆ ఫొటో చూసి మూడు వందల మంది పూర్తి ఫీజు కట్టి చేరతారు. ఆ ఉచిత సీటు ఖర్చు మోసేది వాళ్లే. ర్యాంకు పిల్లవాడి ఫొటో కింద ఫీజు కట్టిన పిల్లల ఫొటోలు ఎవరూ వేయరు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ విషయంలో నాకెందుకింత పట్టింపు అంటే, మన బడికి మొదటి స్టార్ కొనుగోలు నేనే.

నేను ఈ బడిలో ఒకటో తరగతి నుంచీ చదివినవాణ్ణి కాదు. 1973 జూన్‌లో తొమ్మిదో తరగతిలో వచ్చాను. అంతకుముందు మూసీ అవతల ఒక చిన్న బడిలో ఉండేవాణ్ణి. మా నాన్న గుమాస్తా, ఇంట్లో ఏడుగురం. ఒక పోటీలో నా ఆట చూసి ఇక్కడి పీటీ సారు ఒక సాయంత్రం సైకిల్ మీద మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగి "ఫీజు మాఫీ. స్టిక్ మేమిస్తం, బూట్లు మేమిస్తం. పిల్లగాణ్ణి మాకియ్యండి" అన్నారు. మా అమ్మ తలుపు చాటు నుంచి "పుస్తకాలో?" అంది. "పుస్తకాలు గూడ అమ్మా" అన్నారు. అయిపోయింది బేరం. నా మొత్తం ధర అది. బర్కత్‌పుర చమన్ దగ్గర బస్సు దిగి, చేతిలో కొత్త స్టిక్‌తో నడుచుకుంటూ వచ్చిన ఆ మొదటి రోజు నా అంత మొనగాడు నగరంలో లేడనుకున్నాను.

నన్ను రైట్-ఇన్‌లో ఆడించారు. ఆ చోటు అప్పటికి ఖాళీగా లేదు. ఆరో తరగతి నుంచి మూడేళ్లు ఎదురుచూసి అప్పుడే జట్టులోకి రాబోతున్న మా తరగతి కుర్రాడొకడు ఉన్నాడు. విరిగిన స్టిక్‌కు సైకిల్ ట్యూబు చుట్టుకుని ఆడేవాడు. నేనొచ్చిన రోజే అతను రిజర్వ్ అయ్యాడు. గొడవ పెట్టుకుంటాడని నేను బిగుసుకుని ఉన్నాను. అతను నన్ను గ్రౌండు ఆ చివరికి తీసుకెళ్లి "ఇక్కడ నేల వాలుంది, బాల్ ఎడమకు పోతది, చూస్కో" అన్నాడు. అంతే. రెండు వారాలు మా స్టిక్కులు మోశాడు, నీళ్లు తెచ్చాడు. తర్వాత రావడం మానేశాడు. ఎందుకు రావడం లేదని నేను అడగలేదు. పద్నాలుగేళ్ల వయసులో మన చోటు ఎవరిదని ఎవరడుగుతారు?

ఆ ఏడాది సెమీఫైనల్‌కు వెళ్లాం. ఈ బడి అంత దూరం వెళ్లడం అదే మొదలు. ప్రార్థనలో హెడ్‌మాస్టర్‌గారు నా పేరు చదివితే చప్పట్లు. చిన్న తరగతుల పిల్లలు సాయంత్రాలు గ్రౌండు చుట్టూ గోడ మీద కూర్చుని చూసేవాళ్లు. నేను డ్రిబుల్ చేస్తే అరిచేవాళ్లు. అది నిజం, దాన్ని తీసేసి చెప్పను.

రెండో ఏడాది మూడో మ్యాచ్‌లో నా మడమ మడత పడింది. చీలమండ కొబ్బరికాయంత వాచింది. నన్ను రిక్షాలో ఇంటికి పంపి మిగిలినవాళ్లు ఆడారు. రిజర్వులో ఉన్న ఇద్దరిలో ఒకడికి హాకీ రాదు, పేరుకు నిలబెట్టారు. అయిదు గోల్స్ తిన్నాం. ఆ తర్వాతి మార్చిలో, 1975లో, కౌలాలంపూర్‌లో మనవాళ్లు పాకిస్తాన్‌ను ఓడించి ప్రపంచకప్పు గెలిచారు. ఇరానీ హోటల్లో రేడియో చుట్టూ నిలబడి విన్నాం. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ గోల్ కొట్టాడనగానే కప్పులు, సాసర్లు ఎగిరాయి. మర్నాడు పొద్దున కుంటుకుంటూ మన గ్రౌండుకు వచ్చాను, పిల్లలంతా హాకీ ఆడుతూ ఉంటారనుకుని. ఒక్కడి చేతిలోనూ స్టిక్ లేదు. చెట్టు కొమ్మలతో ఆడుతున్నారు. మరుసటి ఏడు మన బడికి హాకీ జట్టే లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు లేదు.

స్టిక్కులు ఎందుకు లేవో నలభై ఏళ్ల తర్వాత తెలిసింది. పీటీ సారు ఆఖరి రోజుల్లో చూడ్డానికి వెళ్తే ఆయనే చెప్పారు. ఆటల ఫీజులోంచి ఏటా ఆరు, ఏడు తరగతుల కోసం డజను స్టిక్కులు కొనేవారట. ఆ రెండేళ్లూ కొనలేదు. ఆ డబ్బే నా బూట్లు, నా పుస్తకాలు, మా బస్సు చార్జీలు. "గెలవాలె అన్నరు, గెలిచే తోవ జూసిన. తర్వాత ఎవరాడుతరని ఎవ్వరడగలె. నేను గూడ అడగలె" అన్నారు. ఆయన మీద నాకు ఈనాటికీ గౌరవమే. ఆ ఫీజు మాఫీ లేకపోతే నేను పదో తరగతి గట్టెక్కేవాణ్ణో లేదో తెలియదు. నా చదువు, నా బ్యాంకు ఉద్యోగం, ఇవాళ ఇక్కడ నిలబడి మాట్లాడ్డం, అన్నీ ఆ సైకిల్ ప్రయాణం చలవే. అందుకే ఇది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

నాకు నేల వాలు చూపించిన ఆ కుర్రాడు ఈ హాల్లోనే ఉన్నాడు. చిక్కడపల్లిలో వ్యాపారం చేసుకుంటున్నాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి, నీ సంగతి చెప్పుకోవచ్చా అని అడిగాను. "చెప్పుకో, పేరెత్తకు" అన్నాడు. "నీ చోటు తీసుకున్నందుకు కోపముందా?" అన్నాను. నవ్వాడు. "నాది పోనీరా. నువ్వు నాకంటే బాగ ఆడినవ్, నిజమే గద. మా తమ్ముడు అప్పుడు ఆరో తరగతి. వానికి స్టిక్ దొరకలె" అన్నాడు. కాసేపాగి "వాడు మనిద్దరికంటే బాగ ఆడుతుండెనేమో, ఎవ్వరం జూడలె" అన్నాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. మనవడికి నేను ఇన్నాళ్లూ అంకెలతో చెప్తూ వచ్చిన జవాబు ఇది. జట్టు ఇచ్చేసే పిక్ అంటే ఆ తమ్ముడు.

మన బడికి పది నిమిషాల నడకలో కాచిగూడ ఉంది. అక్కడి మిడిల్ స్కూల్లో ఒకప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం అనే పంతులుగారు పనిచేశారు. ఫుట్‌బాల్ రహీం సాబ్. 1951లో, 1962లో మన దేశానికి ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలో వచ్చినవే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనేం చేసేవారు? పిల్లలకు డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి పోటీలు, బలహీనమైన కాలుతోనే తన్నాలని షరతు పెట్టి పోటీలు. సికింద్రాబాద్ అవతల అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం రావాలంటే దూరమని అద్దె సైకిలుకు తన జేబులోంచి డబ్బులిచ్చారట. ఆ బలరాం 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. మన స్టార్లను కలకత్తా క్లబ్బులు అలా ఒక్కొక్కరినే పట్టుకుపోయేవి. నగరానికి మాత్రం కొత్తవాళ్లు వస్తూనే ఉండేవారు, ఎందుకంటే తయారుచేసేవాడు ఇక్కడే ఉన్నాడు. 1963 జూన్‌లో ఆయన పోయారు. స్టార్లు పోతే తట్టుకున్న ఊరు ఆ పంతులు పోతే తట్టుకోలేకపోయిందని నా అభిప్రాయం.

ఇక తీర్మానం. నేను బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. గడువుకు ముందే డిపాజిట్ మూసేయడానికి వచ్చినవాళ్లను కౌంటర్ ఇవతలి నుంచి చాలామందిని చూశాను. ఆస్పత్రి కోసమైతే మారుమాట లేకుండా సంతకం పెట్టేవాణ్ణి. పెళ్లిలో బ్యాండు కోసమైతే కుర్చీ వేసి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, "ఇంటికెళ్లి ఇంకోసారి ఆలోచించుకుని రండి" అనేవాణ్ణి. ఇవాళ మీ అందరికీ అదే అంటున్నాను.

మూడున్నరకు నేను పెట్టబోయే సవరణ ఇది. అసలు ముట్టుకోవద్దు. వడ్డీతో ఏటా ఆరు, ఏడు తరగతులకు రెండు డజన్ల స్టిక్కులు, వారానికి నాలుగు రోజులు వచ్చే ఒక కోచ్. పేరున్నవాడు అక్కర్లేదు, ఐదేళ్లు మానకుండా వచ్చేవాడు కావాలి. ఆ ఆరుగురు కుర్రాళ్లలో చదువుకు ఇబ్బంది పడేవాళ్లుంటే వాళ్ల ఫీజు కడదాం. నాకు కట్టినట్టే, నా వంతు నేను మొదట వేస్తాను. కానీ అది చందా వేరుగా ఎత్తి, షీల్డు షరతు లేకుండా కడదాం. మడమ విరిగినా ఫీజు ఆగకూడదు. ఆరో తరగతివాడి స్టిక్ డబ్బుతో మాత్రం కట్టొద్దు. ఐదారేళ్లకు మన పిల్లల్లోంచి ఒక జట్టు నిలబడి, ఇంకొక్క మంచి పెనాల్టీ కార్నర్ కొట్టేవాడుంటే షీల్డు మనదే అనే రోజు వస్తే, అప్పుడు ఆ ఒక్కణ్ణి తెద్దామని తీర్మానం పెట్టండి. నేనుంటే చెయ్యెత్తుతాను.

నా మిత్రుడొకడు "అప్పటికి మనలో ఎందరుంటాం, జూబ్లీ ఏడాది ఫొటోలో షీల్డు లేకపోతే ఎట్లా?" అంటున్నాడు. వాడి బాధ నాకర్థమవుతుంది. వాడికీ నాకూ అరవై ఆరు. మా మనవడికి పదమూడేళ్లకే ఆగలేననిపిస్తుంటే అరవై ఆరేళ్లవాడికి తొందరుండదా?

నిన్న సాయంత్రం వాచ్‌మన్‌ను అడిగి మన పీటీ గది తాళం తీయించాను. హాకీ స్టిక్కులు తొమ్మిదున్నాయి. రెండు పగిలినవి. ఒకదానికి ఎవరో పిల్లవాడు నల్లటి టేపు చుట్టాడు, బాగా గట్టిగా చుట్టాడు. బయట గ్రౌండులో ఏడో తరగతి పిల్లలు ఆడుతుంటే కాసేపు నిలబడ్డాను. ఆ మూల నేల ఇంకా వాలుగానే ఉంది. ఒక చిన్నవాడికి చెప్పాను, ఇక్కడ బాల్ ఎడమకు పోతుంది చూసుకో అని. "తెలుసు సార్" అన్నాడు.

సమయం మించిందని కార్యదర్శిగారు చీటీ పంపారు. సర్వసభ్య సమావేశం మూడున్నరకు, పై హాల్లో. భోజనం చేసి ఇళ్లకు వెళ్లిపోకండి.